కోళ్ల షెడ్డుకు వచ్చిన కిరాయిదారు

కోదాడ నుంచి చిలుకూరు పోయే దారిలో, రోడ్డుకు కొంచెం లోపలగా, మల్సూర్ కోళ్ల షెడ్డు ఉంది. తూర్పు నుంచి పడమరకు పొడుగ్గా సాగిన షెడ్డు. ఇటు చివర నిలబడి పిలిస్తే అటు చివర ఉన్నవాడికి సగం మాటే అందుతుంది. రెండు పక్కలా నడుమెత్తు గోడ, గోడ మీద ఇనుప జాలి, పైన రేకులు. కోళ్లకు రోగం తగిలిన ఏడాది మల్సూర్ ఆ పని మానుకున్నాడు. షెడ్డు మాత్రం మిగిలింది.

ఖాళీగా ఉంటే పాములు చేరతాయని దాన్ని ఒకసారి కిరాయికి ఇచ్చాడు. వచ్చినవాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెదనాన్నా అని నోరారా పిలిచి, పశువుల దాణా నిల్వ చేసుకుంటానన్నాడు. మల్సూర్ భార్య సుక్కమ్మ కాళ్లకు దండం కూడా పెట్టాడు. కొన్నాళ్లకు అధికారులు జీపులో వచ్చి తాళం తీయించారు. లోపల దాణా లేదు. రేషన్ బియ్యం బస్తాలు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. ఇస్త్రీ చొక్కా మనిషి ఫోను మూగబోయింది. షెడ్డు మల్సూర్‌ది కాబట్టి స్టేషన్‌లో బెంచీ మీద కూర్చోవలసిందీ మల్సూరే.

నిజానికి ఆ రోజు ఆయన్ను ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. పెద్దమనిషివి, ఎండన పడి వచ్చావని ఒక కానిస్టేబుల్ తన డబ్బాలోంచి పెరుగన్నం కూడా పెట్టాడు. కానీ ఆ బెంచీ మీద కూర్చున్న పూట ఆయన ఒంట్లోంచి ఇప్పటికీ పోలేదు. కేసు వాయిదాల మీద నడుస్తూనే ఉంది. ఊళ్లో ఎవరూ ముఖం మీద ఒక్క మాట అనలేదు. ఆ అనకపోవడమే ఆయనకు ముల్లయింది. ఇంకొక్కసారి ఆ షెడ్డు గుమ్మంలో జీపు ఆగిందంటే తన పేరు ఇక కడిగినా పోదని ఆయన భయం.

అప్పటినుంచి మల్సూర్ అందరినీ అనుమానించడం మొదలుపెట్టాడు. పక్కింటివాళ్లు గిన్నెడు పప్పు పంపితే, వీళ్లకు మనతో ఏం పని పడిందని సుక్కమ్మను అడిగేవాడు. బస్సులో మరిచిపోయిన తువ్వాలను ఎవరో ఇంటికి తెచ్చి ఇస్తే, దాన్ని దులిపి దులిపి చూశాడు. సుక్కమ్మ మాత్రం పప్పు తిని, గిన్నె కడిగి, అందులో నాలుగు పచ్చిమిరపకాయలు వేసి తిరిగి పంపేది. దేవుడు ఇద్దరికీ ఒకే కొంప ఇచ్చి, కళ్లు మాత్రం వేరువేరుగా పెట్టాడు.

అలాంటి రోజుల్లో దీవెన వచ్చింది.

అనంతగిరి పిల్ల. ముప్పైకి లోపే ఉంటుంది. స్కూటీ దిగి, దండం పెట్టకముందే షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరకు అంగలు వేసుకుంటూ నడిచింది. మడమతో నేలను తన్ని చూసింది. వంగి మట్టి తీసి వేళ్ల మధ్య నలిపింది. ఆ తర్వాతే ఆయన దగ్గరకు వచ్చి, నేల కింద బండ ఉందా, మొత్తం మట్టేనా అని అడిగింది. కిరాయికి వచ్చినవాళ్లు రేకులు కారతాయా అంటారు, ఎలుకలున్నాయా అంటారు. నేల కింద ఏముందో అడిగిన మనిషిని మల్సూర్ అదే మొదటిసారి చూడడం.

పోలీసు ఉద్యోగాలకు ఆడపిల్లలను తయారుచేస్తానని చెప్పింది. పరీక్ష రాయడం ఒక ఎత్తు, పరుగెత్తడం, దూకడం, ఇనుప గుండు విసరడం ఇంకో ఎత్తు. ఆ రెండోదే తన పని. చెప్పుకోదగ్గ మైదానం దొరక్క పిల్లలు హైవే అంచున పరుగెత్తుతున్నారని, మొన్న ఒక లారీ గాలికి ఒక పిల్ల చున్నీ చక్రాల కిందికి పోయిందని, చున్నీతో పోయింది కాబట్టి సరిపోయిందని చెబుతున్నప్పుడు ఆమె గొంతు తగ్గింది.

“వానైనా ఎండైనా కప్పు కింద ఉరికే జాగ, సూర్యాపేట, మిర్యాలగూడ, కోదాడ అంతా తిరిగితే ఇదొక్కటే కనబడింది బాబాయ్.”

“కోళ్లు లేని కోళ్ల షెడ్డు మీద అంత ప్రేమేంది బిడ్డా?”

“కోళ్లకంటే తక్కువ లొల్లే చేస్తం.”

సుక్కమ్మ నవ్వింది. మల్సూర్ నవ్వలేదు. ఇంతకుముందు ఎక్కడ నడిపావని అడిగాడు. సూర్యాపేటలో ఒక మేడ మీది హాలు, తర్వాత మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లు ఆవరణ అంది. రెండూ ఎందుకు వదిలావంటే, సూర్యాపేట ఓనర్ మనసు మార్చుకున్నాడని, మిర్యాలగూడలో వడ్లు వచ్చాయని చెప్పింది. రెండు చోట్ల నిలవని మనిషి మూడో చోట నిలుస్తుందా అని ఆయన లోపల ఒక పురుగు దొలిచింది. ఆలోచించి చెబుతానన్నాడు.

సుక్కమ్మ చల్ల తెచ్చి ఇచ్చింది. దీవెన గ్లాసు పట్టుకుని, ఒక్క క్షణం కళ్లు మూసుకుని, తర్వాత తాగింది. తిండికీ నీళ్లకూ దేవుడికి మొక్కే పిల్ల అని సుక్కమ్మ మురిసిపోయింది. కళ్లు మూసుకుని ఏం లెక్క వేసుకుందో అని మల్సూర్ అనుకున్నాడు.

విచారించకుండా ఈసారి తాళంచెవి ఇచ్చేది లేదని, మర్నాడే సూర్యాపేట బస్సెక్కాడు. దురాజ్‌పల్లి దాటుతుంటే పెద్దగట్టు మీది గుడి కనబడింది. బస్సులోంచే చేతులు జోడించి, లింగమంతుల సామీ, ఈసారన్నా నన్ను మోసపోనివ్వకు అని మొక్కుకున్నాడు.

మేడ ఓనర్ సూటిగా మాట్లాడలేదు. ఇచ్చిన మాట నిజమే, వద్దన్న మాటా నిజమే, ఎందుకని అడగకు పెద్దమనిషీ అని, మోగని ఫోనును చెవికి పెట్టుకుని అవతలికి పోయాడు. మల్సూర్ మెట్ల దగ్గరే నిలబడిపోయాడు. మేడ కింద బట్టలు కుట్టే సరోజ అనే ఆమె ఆయన ముఖం చూసి, స్టూలు వేసి, మంచినీళ్లు ఇచ్చింది. అసలు సంగతి ఆమే చెప్పింది. మొదట్లో ఓనర్ బాగానే ఉన్నాడట. బోర్డు రాసేవాడు వచ్చి పూర్తి పేరు అడిగినప్పుడు, వీళ్లు చర్చివాళ్లని తెలిసి ముఖం మార్చాడట. పైకి మాత్రం, పిల్లల కాళ్ల మట్టి మెట్లకు అంటుతోందని వంక పెట్టాడట. ఖాళీ చేసే రోజున ఆ పిల్ల పల్లెత్తు మాట అనకుండా మెట్లన్నీ కడిగి పోయిందట.

ఎవరి దేవుడు వాళ్లకు. మల్సూర్ భయం దేవుళ్ల గురించి కాదు, మనుషుల గురించి. సరోజకు దండం పెట్టి బయటకు వచ్చాడు గానీ, బస్టాండు చేరేలోగా, ఈ కుట్టుమిషను ఆమెకూ ఆ పిల్లకూ ఏమన్నా చుట్టరికం ఉందేమోననే అనుమానం మొలిచింది.

తర్వాత మిర్యాలగూడ పోయాడు. మిల్లు వాచ్‌మన్ పెంటయ్య దీవెన పేరు వినగానే లేచి నిలబడ్డాడు. మిల్లులో పని లేని నెలల్లో ఆవరణ వాడుకుందని, వడ్ల లారీలు వస్తున్నాయని చెప్పగానే మారుమాట లేకుండా తప్పుకుందని, పోయేముందు పిల్లలందరితో కలిసి ఆవరణ ఊడ్చి వడ్లు పోసుకునేలా చేసి పోయిందని చెప్పాడు. తన ఇల్లాలు గేటు దగ్గర కళ్లు తిరిగి పడితే ఆ పిల్లలే ఎత్తుకుని దవాఖానకు తీసుకుపోయారని చెబుతూ కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

తిరుగు బస్సులో మల్సూర్‌కు నిద్ర పట్టలేదు. ఇంటికి వచ్చి సుక్కమ్మతో అంతా చెప్పి, చివర్లో, “గింత మంచిగ ఎవరన్న ఎవరి గురించన్న చెప్తరానె? నేర్పిచ్చి పెట్టింది,” అన్నాడు.

సుక్కమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. తలెత్తకుండానే అంది.

“చెడ్డ చెప్తే చెడ్డదంటవ్. మంచి చెప్తే నేర్పిచ్చిందంటవ్. ఇగ ఆ పిల్ల ఏం చెయ్యాల్నయ్యా, పుట్టకుండ ఉండాల్నా?”

ఆ మాట విని కిరాయికి ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాడే గానీ, కోదాడలో కాగితం రాయించేటప్పుడు షెడ్డులో ఏ సరుకూ నిల్వ చేయరాదని ప్రత్యేకంగా ఒక వాక్యం పెట్టించాడు. దీవెన చదివి, నవ్వి, సంతకం పెట్టింది. ఆ నవ్వు కూడా ఆయనకు నచ్చలేదు.

పిల్లలు రావడం మొదలైంది. చిలుకూరు నుంచి, అనంతగిరి నుంచి తెల్లారేసరికి ఆటోల్లో దిగేవారు. నేరేడుచర్ల దగ్గరి తండా పిల్ల సంతోషి కోదాడలో గది తీసుకుని ఉండి వచ్చేది. మల్సూర్ పక్క చెలకలో బర్రెను మేపే నెపంతో గట్టు మీద కూర్చునేవాడు. విజిల్ వినిపించేది, కాళ్ల చప్పుడు ఆ చివర నుంచి ఈ చివరకు వచ్చి పోయేది, ఎవరో అలిసిపోతే మిగతావాళ్లు చప్పట్లు కొట్టేవారు. చూడబోతే అందులో తప్పేమీ లేదు. తప్పు కనబడని చోటే తప్పుంటుందని ఆయనకు ఒకసారి తెలిసొచ్చింది కదా. గట్టు దిగలేదు.

ఒక పొద్దున, ఇంకా మనిషి ముఖం ఆనకముందే, ఒక ట్రాలీ ఆటో వచ్చి షెడ్డు ముందు ఆగింది. పైన పట్టా కప్పి ఉంది. దీవెన టార్చి పట్టుకుంది. డ్రైవర్ పట్టా తీసి ఒక్కొక్క బస్తానే వీపుకెత్తుకుని లోపలికి మోశాడు. టార్చి వెలుగు ఒక బస్తా మీద పడినప్పుడు గోనెసంచి మీది అచ్చు కనబడింది. రేషన్ బియ్యం సంచి. స్టేషన్‌కు పోయిన రోజు ఆయన కళ్ల ముందు ట్రాక్టర్లకెత్తిన సంచులూ ఇలాంటివే.

పెరుగన్నం పెట్టిన ఆ కానిస్టేబుల్ కోర్టు వాయిదా దగ్గర ఒకసారి, మళ్లీ అట్లాంటిది కనబడితే ముందు నువ్వే ఫోన్ చెయ్యి, అప్పుడు నువ్వు ముద్దాయివి కావు, సాక్షివి అవుతావని చెప్పి నంబరు ఇచ్చాడు. ఆయన మంచికే చెప్పాడు. మల్సూర్ ఇంటికి పోకముందే, గట్టు మీది నుంచే ఆ నంబరు నొక్కాడు. షెడ్డులోకి రేషన్ సంచులు దిగుతున్నాయని చెప్పేశాడు.

చెప్పాక తేలికపడతానని అనుకున్నాడు. పడలేదు. ఇంటికొచ్చి సుక్కమ్మ ముందు కూలబడ్డాడు. అంతా విని ఆమె అడిగింది.

“ఆ పిల్లను అడిగినవా?”

“అడిగితే చెప్తదా?”

“అడగనోనికి ఎవరు చెప్తరయ్యా?”

పొయ్యి మీద చాయ్ అలాగే ఉడుకుతోంది. మల్సూర్ లేచి దూలం సందులోంచి ఒక ఇనుప గొట్టం తీశాడు. ఒక కొస వాడిగా, నడుమ గాడితో ఉండే గొట్టం. బస్తాలోకి పొడిస్తే లోపలి గింజలు గాడిలోంచి జారి చేతిలో పడతాయి. కోళ్ల మక్కలు మంచివో పుచ్చువో చూసుకోవడానికి వాడేవాడు. దాన్ని పట్టుకుని షెడ్డుకు పోయాడు. లోపల పిల్లలు కాళ్లు చాపి వంగుతున్నారు. ఎవరితోనూ మాట్లాడకుండా నేరుగా బస్తాల దగ్గరకు పోయి మొదటిదాన్ని పొడిచాడు. చేతిలో పడ్డది వరి ఊక. రెండోది పొడిచాడు. మళ్లీ ఊకే. మూడోదానిలో గొట్టం దిగలేదు. బలంగా తోస్తే చెరువు మట్టి రాలింది. ఇంకొకటి, ఇంకొకటి పొడిచాడు. ఊక, మట్టి, ఊక. ఒక పిల్ల నవ్వు ఆపుకోలేక నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

“ఏం దొరికింది బాబాయ్?” అంది దీవెన.

ఆయన అరచేయి చూసుకున్నాడు. అంతా ఊక.

దీవెన కోపగించుకోలేదు. దూరం దూకిన పిల్లలు పడేచోట ఊక పరిస్తే మోకాళ్లకు దెబ్బ తగలదంది. మట్టి బస్తాలు నడుముకు తాడుతో కట్టుకుని లాగుతూ పరుగెత్తితే కాళ్లకు బలం వస్తుందంది. పాత గోనెసంచుల దుకాణంలో అన్నిటికంటే చవక రేషన్ సంచులే కాబట్టి అవి కొన్నానంది. ట్రాలీ అతను పొద్దెక్కితే కూరగాయల లోడుకు పోవాలి కాబట్టి చీకట్లో రమ్మన్నానంది.

“ముందు నాకెందుకు చెప్పలే బిడ్డా?”

“సూర్యాపేటల మట్టి పేరు చెప్పే ఎల్లగొట్టిన్రు. మీరు గూడ అట్లనే అంటరేమోనని భయపడ్డ. నాది గూడ అనుమానమే బాబాయ్.”

ఆయన ఫోన్ సంగతి చెప్పడానికి నోరు తెరిచేలోగా బయట జీపు ఆగింది.

పిల్లలు కసరత్తు ఆపేశారు. ఎస్సై దిగాడు, వెనక ఆ కానిస్టేబుల్ దిగాడు. రోడ్డు మీద పోయే ఇద్దరు ముగ్గురు సైకిళ్లు ఆపి నిలబడ్డారు. మల్సూర్‌కు గోడ పక్కకు తప్పుకోవాలనిపించింది. తప్పుకుంటే ఎస్సై ముందుగా నిలబెట్టి అడిగేది దీవెననే. ఏ జీపు తన గుమ్మంలో ఆగకూడదని ఇన్నాళ్లు చచ్చి బతికాడో, ఆ జీపు ముందుకు తనే నడిచాడు.

“ఫోన్ చేసింది నేనే సార్. ఈ పిల్లలది ఏం లేదు. బస్తాలల్ల ఊక, మట్టి. సూడకుండ చెప్పిన. తప్పు నాది.”

అందరికీ వినబడేలా చెప్పాడు. ఎస్సై లోపలికి వచ్చి బస్తాలు చూసి, పోలీసోళ్లను ఆటబొమ్మలనుకున్నావా అని గట్టిగానే కేకలేశాడు. మల్సూర్ తల దించుకుని ఆ మాటలు పడ్డాడు. పోయేటప్పుడు కానిస్టేబుల్ వెనక్కి తిరిగి, బాగా ఉరకండమ్మా అని పిల్లలకు చెప్పి జీపెక్కాడు. ఆ మాట లేకపోతే పిల్లల ముఖాల్లోకి కళ తిరిగి వచ్చేది కాదు.

అయినా జీపు వచ్చిన సంగతి జీపు కంటే ముందు ఊళ్లు తిరిగింది. మల్సూర్ షెడ్డు మీద మళ్లీ పోలీసులు పడ్డారట అనే మాట నేరేడుచర్ల దాకా పోయింది. సంతోషి తండ్రి మంగ్త్యా కోదాడ వచ్చి, గది ఖాళీ చేయించి, బిడ్డను వెంట తీసుకుపోయాడు. మిగతా ఇళ్లలోనూ గుసగుసలు మొదలయ్యాయి.

దీవెన షెడ్డు ఖాళీ చేస్తానని వచ్చింది. సుక్కమ్మ పీట వేసినా కూర్చోలేదు.

“నన్ను అనుమానిస్తే నేను పడత బాబాయ్, అలవాటే. కానీ రేపు ఉద్యోగమొచ్చినంక పిల్లల ఇండ్లకు ఎంక్వైరీకొస్తరు. అప్పుడు ఎవరన్న, ఫలానా చోట పోలీసులొచ్చిన్రు, అక్కడి పిల్లే అంటే? ఇన్నేండ్లు ఉరికింది ఏమైతది?”

మల్సూర్ అప్పటిదాకా తన పేరు గురించే భయపడ్డాడు. ఆ పిల్లలకూ ఒక పేరు ఉంటుందని, అది ఇంకా కొత్తదని, అప్పుడే కుట్టిన బట్టలాంటిదని ఆయనకు తట్టలేదు. నాకు కొంచెం గడువియ్యి బిడ్డా అన్నాడు. మర్నాడు సుక్కమ్మను వెంటబెట్టుకుని నేరేడుచర్ల బస్సెక్కాడు.

మంగ్త్యా రైస్‌మిల్లులో హమాలీ. తండాలో ఇంటి ముందు మంచం వాల్చి కూర్చున్నాడు. లేవలేదు గానీ, సుక్కమ్మను చూసి మంచం మీద చోటిచ్చి తను కింద కూర్చున్నాడు. మల్సూర్ జరిగినదంతా చెప్పాడు. మంగ్త్యా విని, బీడీ ఆర్పి, ప్రశ్నలు మొదలుపెట్టాడు. షెడ్డు మీ సొంతమేనా? ఇంతకుముందు అందులో ఏముండె? కేసు మీ మీద నిజంగనే ఉన్నదా? నా బిడ్డ వస్తే మీకేం లాభం? ఆ మేడమ్ పంపిందా మిమ్మల్ని? ఇంత దూరం ఊరికే ఎవరొస్తరన్నా?

మల్సూర్ ఒక్కొక్కదానికీ జవాబు చెప్పాడు. చెబుతున్నకొద్దీ, నిజమే చెబుతున్నా అది అబద్ధంలాగే వినబడుతోందని ఆయనకే తెలుస్తోంది. సుక్కమ్మ ఆయన వైపు చూసి కొంగు మాటున నవ్వుకుంది.

“నేను గూడ అందరిని గిట్లనే అడుగుత తమ్మీ,” అన్నాడు చివరకు. “జవాబు చెప్పుడు ఇంత కష్టమని తెల్వదు. నా మాట నమ్మకు. వచ్చి సూడు.”

మంగ్త్యా ఆ రోజు ఏమీ తేల్చలేదు. ఆయన భార్య మాత్రం వేడి జొన్నరొట్టె తినకుండా ఇద్దర్నీ కదలనివ్వలేదు. లోపల గుమ్మం చాటున సంతోషి నిలబడి ఉంది.

రెండు రోజులు గడిచాక, పనికి సెలవు పెట్టి, బిడ్డతో కలిసి మంగ్త్యా షెడ్డుకు వచ్చాడు. హమాలీ మనిషి కాబట్టి బస్తాల జోలికి పోలేదు, అవి నిలబడ్డ తీరు చూడగానే లోపలేముందో ఆయనకు తెలిసిపోయింది. జాలి దగ్గర ఆగి, బయటి నుంచి లోపలికి ఎవరైనా చూడొచ్చు కదా అన్నాడు. మల్సూర్‌కు అది ఎప్పుడూ తట్టలేదు. సుక్కమ్మ ఇంటికి పోయి పాత చీరలు తెచ్చి, పిల్లలు బట్టలు మార్చుకునే మూలన జాలికి కట్టింది. మంగ్త్యా తాళం పట్టుకుని చూసి ఇంకో మాట అడిగాడు.

“దీనికి రెండో చెవి ఎవరి కాడున్నది?”

మల్సూర్ చెయ్యి నడుము మీదికి పోయింది. అది తన మొలతాడుకే ఉంది. ఆడపిల్లలు తిరిగేచోటుకు ఒక ముసలాయన దగ్గర చాటుగా ఇంకో తాళంచెవి ఉంటే, తనే తండ్రి అయితే ఏమనుకునేవాడు? సుక్కమ్మ చూస్తుండగానే ముడి విప్పి తాళంచెవి దీవెన చేతిలో పెట్టాడు. దీవెన దాన్ని తీసుకుని, ఆయన చేతిని ఒకసారి తన చేతుల్లో పట్టుకుంది.

మంగ్త్యా ఆ పూటంతా వెళ్లలేదు. గేటు దగ్గరే నిలబడి బిడ్డ పరుగు చూశాడు. మధ్యాహ్నం బస్సుకు ఒక్కడే వెళ్లిపోయాడు. సంతోషి ఉండిపోయింది.

మల్సూర్ అనుమానం ఒక్క రోజులో వదిలిందని చెబితే అది అబద్ధం. ఇప్పటికీ పొద్దున్నే లేచి ఆ వైపు పోకుండా ఉండలేడు. అయితే గట్టు మీద దాక్కుని చూడడం మానేశాడు. తన షెడ్డు ముందు తనే చెప్పులు విడిచి, గేటు బయట నిలబడి, లోపలి చప్పుళ్లు ఆగేదాకా ఓపిక పట్టి, “బిడ్డా, రావొచ్చునా?” అని అడుగుతాడు. రమ్మంటే పోతాడు. ఇప్పుడే వద్దు బాబాయ్ అంటే, అలాగే బిడ్డా అని తిరిగి ఇంటికి వస్తాడు.